పొయ్యి దేవుడి గొంతు

మా మామయ్య నోట మాట రాదని ఆ వానాకాలానికి ముందు ఎవరైనా చెప్పి ఉంటే ఇంటిల్లిపాదీ పడీ పడీ నవ్వేవాళ్లం. సముద్రంలో నీళ్లయిపోయాయంటే నమ్మొచ్చు గానీ, ఆయన నోట్లో మాటలయిపోయాయంటే ఎవరు నమ్ముతారు? ఉద్యోగమంతా బస్టాండులో మైకు ముందు కూర్చుని చేసిన మనిషి. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో, ఏది ఆలస్యమో, ఎవరి పర్సు ఎక్కడ దొరికిందో ఊరందరికీ చెప్పీ చెప్పీ, రిటైరయ్యాక అదే పని ఇంట్లో మొదలుపెట్టారు. పాలవాడు రాలేదని, పక్కింటివాళ్లకి చుట్టాలొచ్చారని, వాళ్ల సంచుల బరువు చూస్తే ఇప్పట్లో కదిలేలా లేరని, అన్నీ హాల్లో కుర్చీలోంచే ప్రకటించేవారు. వీధిలో అందరూ ఆయన్ని మైకు గారు అనేవాళ్లు. ఆయన చెవిన పడ్డ రహస్యానికి ఆయుష్షు మహా అయితే ఒక పూట.

అత్తయ్య వంటింట్లోంచి రోజుకోసారైనా అరిచేది.

"మీ నోరు పడిపోనూ! కాసేపు ఊరుకోండి!"

అది తిట్టని మాలో ఎవరమూ అనుకోలేదు. గోడ గడియారం గంట కొట్టినట్టు, అదీ ఇంట్లో వినిపించే చప్పుళ్లలో ఒకటి. మామయ్య కూడా ఆ మాటకి ఒక నవ్వు నవ్వి, వదిలిన దగ్గర్నుంచి మళ్లీ అందుకునేవారు.

వేసవి చివర్లో ఆయన గొంతు బొంగురుపోయింది. జలుబన్నారు, చల్లనీళ్లన్నారు. చివరికి గొంతులో గడ్డ ఉందని తేలాక ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. ఆపరేషన్ చేసి తీశారు, తీసినదాన్ని పరీక్షకి పంపారు. ఆ ఫలితం వచ్చేదాకా మేమెలా గడిపామో తలచుకోవడం ఇప్పటికీ నాకిష్టం ఉండదు. అది మామూలు గడ్డేనని, దాని పీడ విరగడైందని డాక్టరమ్మ చెప్పినప్పుడు మా ఆయన ఆస్పత్రి వరండాలో గోడకి చేరగిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. మామయ్య కొడుకు భుజం తట్టి ఏదో అనబోయారు. డాక్టరమ్మ చటుక్కున వేలు చూపించింది.

"ఊహూఁ. ఒక్క మాట కూడా వద్దు. గుసగుస కూడా వద్దు. నేను చెప్పేదాకా మీ గొంతుకి సెలవు."

సరిగ్గా అప్పుడే వానలూ మొదలయ్యాయి, మాకు ఆ అనిమే పనీ, అంటే జపాన్‌వాళ్ల బొమ్మల సీరియలు పని, వచ్చింది.

నేనూ మా ఆయనా ఇంటి వెనక గదిలో డబ్బింగు చేస్తాం. గోడలకి పాత పరుపులు, తలుపుకి బొంత, మధ్యలో మైకు. పక్కనున్న చిన్న గదిలో కంప్యూటరు, రెండు గదుల మధ్య ఒక అద్దం. వేరే భాషల్లో వచ్చిన బొమ్మల సీరియళ్లకి మన మాటలు పెట్టడం మా పని. మాటలు ఆయన రాస్తాడు. ఆడ గొంతులు, పిల్లల గొంతులు, అవసరమైతే మేక గొంతూ నావే. మిగతావాటికి బయటినుంచి మనుషులొస్తారు. పైన రేకుల కప్పు కాబట్టి వాన పడుతున్నంతసేపూ చేతులు కట్టుకుని కూర్చోవాలి, వాన వెలిసిందంటే పరుగెత్తుకెళ్లి మైకు ముందు నిలబడాలి.

ఆ సీరియలు తీసింది జపాన్‌వాళ్లు, కథ మాత్రం చైనా జానపదాల్లోంచి తీసుకున్నది. ప్రతి ఇంటి పొయ్యి దగ్గరా ఒక చిన్న దేవుడుంటాడని అక్కడివాళ్ల పాత నమ్మకం. ఏడాది పొడుగునా ఆ ఇంట్లో జరిగేదంతా చూస్తాడు, ఏడాది చివర స్వర్గానికి వెళ్లి అంతా అప్పజెబుతాడు. అందుకని ఆయన బయల్దేరే ముందు ఇంటివాళ్లు మూతికి తేనె పూస్తారట. పూస్తే తియ్యగానైనా చెబుతాడు, లేదంటే మూతి అంటుకుపోయి అసలు చెప్పలేడు. ఎటు తిరిగినా ఇంటివాళ్లకి లాభమే.

మా సీరియల్లో దేవుడు జానెడుంటాడు, మొహమంతా మసి. సత్రం నడిపే ఒక పిల్ల వంటింట్లో ఉంటాడు. ఆ వంటింట్లోకి ఆడమనిషి వేషంలో ఒక నక్క వస్తుంది. కాగితంతో చేసిన సైనికులొస్తారు, తడిస్తే తమ గతేమిటని భయపడుతూ. నది మీద అలిగొచ్చిన డ్రాగన్ ఒకటి నీళ్లతొట్టిలో ముడుచుకుని పడుకుంటుంది. అందరూ ఆ పొయ్యి ముందు కూర్చుని తమ గోడు వెళ్లబోసుకుంటారు. దేవుడు మాత్రం నోరు విప్పడు. వింటాడు, నిట్టూరుస్తాడు, మరీ బాధేస్తే ముక్కు ఎగబీలుస్తాడు.

అంత అందమైన బొమ్మల్ని నేనప్పటిదాకా చూడలేదు. పొయ్యిలో మంట చూస్తే చేతులు చాపి కాచుకోవాలనిపించేది. అయితే ఏం లాభం, ఛానెల్‌వాళ్లు దాన్ని కాకులు కూడా లేవని వేళకి వేశారు. పేరు చెబితే "అలాంటిదొకటి వస్తోందా?" అనేవాళ్లే అందరూ. మాకు తెలిసి దాన్ని చూసేది మా ఇంటివాళ్లమూ, ఛానెల్ మేడమూ. ఆవిడ కూడా జీతం కోసమే చూస్తోందని మా ఆయన అనుమానం.

డబ్బింగులో మాటలొక్కటే చెబితే సరిపోదు. అసలు భాషలోని గొంతు తీసేసినప్పుడు దానితోపాటు ఊపిరి కూడా పోతుంది. అందుకని పాత్ర ఉలిక్కిపడినా, దమ్ము తీసినా మళ్లీ ఎవరో ఒకరు మైకు ముందు ఆ ఊపిరి తీయాల్సిందే. దేవుడికి మాటలు లేవు కదా, ఊపిర్లే కదా అని మేం బయటి గొంతు ఎవర్నీ పిలవలేదు. నేనే నిట్టూర్చాను. అద్దం అవతల మా ఆయన తల పట్టుకున్నాడు.

"దేవుడు నిట్టూర్చినట్టు లేదు. పిల్లి తుమ్మినట్టుంది."

ఆయన వెనక స్టూలు మీద మామయ్య కూర్చుని ఉన్నారు. మొదటి రోజుల్లో ఆయనకి పలకా బలపం ఇచ్చాం. కూర ఎలా ఉందని అడిగితే పలక రెండు వైపులా నింపేవారు, చదివే ఓపిక లేక మేమే తప్పుకునేవాళ్లం. అది గ్రహించి పలక మూలన పెట్టేసి, ఉబుసుపోక మా గదిలో కూర్చోవడం మొదలుపెట్టారు. ఆ రోజు ఆయన లేచి వచ్చి, నన్ను మైకు ముందునుంచి పక్కకి జరగమని సైగ చేశారు. తెర మీద దేవుడు భుజాలు దించాడు. మామయ్య ముక్కుతో ఒక పొడుగాటి ఊపిరి వదిలారు. రిటైరైన మనుషులు వరండాలో కూర్చుని వదిలే ఊపిరి అది. మా ఆయన బొటనవేలు పైకెత్తాడు.

భయపడి డాక్టరమ్మకి ఫోను చేశాను. ఆవిడ నవ్వింది.

"ఊపిరి పీల్చుకోవడానికి నన్నడగాలా అమ్మా? గొంతు కదలకుండా ముక్కుతో వదిలితే ఏం కాదు."

అలా మా మామయ్య పొయ్యి దేవుడయ్యారు. వాన వెలిసిందంటే మాకన్నా ముందే వెళ్లి కూర్చునేవారు. ఎవరి పెదాలు ఎన్నిసార్లు తెరుచుకుంటున్నాయో చూసి మోకాలి మీద చెంచాతో కొట్టి చూపించేవారు. ఆ లెక్కకి సరిపోయేలా మా ఆయన మాట కుదించుకునేవాడు. మామయ్య చెంచా ఎప్పుడూ తప్పలేదు.

ఇక మాట్లాడలేని మనిషి దొరికితే మనుషులేం చేస్తారో ఆ వానాకాలమే చూశాను. ఒకప్పుడు ఏ విషయమైనా ముందు మామయ్య దగ్గరే దాచేవాళ్లం. ఇప్పుడు ముందు ఆయనకే చెప్పడం మొదలుపెట్టాం. పక్కింటావిడ గోడమీంచి తన కోడలి సంగతులన్నీ ఆయనకి వినిపించేది. ఒక మధ్యాహ్నం నేనూ చెప్పేశాను.

"మామయ్యా, ఎవరితో అనకండి. మీ అబ్బాయి రాసిన మాటలు నోరు తిరక్క నేను మైకు ముందు మార్చేస్తున్నాను. ఆయనకి తెలిస్తే బాధపడతారు."

మామయ్య నా వంక చూసి మెల్లగా తల ఊపారు. గుండె మీదినుంచి బండ దింపినట్టయింది. నేను బయటికి వస్తుంటే మా ఆయన లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు. ఆయనేం చెప్పుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

అత్తయ్య వంతు కూడా వచ్చింది. ఆ రోజు నేను కంప్యూటరు ముందు హెడ్‌ఫోన్లు పెట్టుకుని పాత ముక్కలు అతుకుతున్నాను. మామయ్య మైకు ముందు కుర్చీలో తన వంతు కోసం కూర్చుని ఉన్నారు. మైకు తెరిచే ఉంది, రికార్డు నడుస్తూనే ఉంది. అత్తయ్య ఆయనకి గోరువెచ్చటి నీళ్లు తీసుకెళ్లింది. గ్లాసు పెట్టిన చప్పుడు, తర్వాత ఆవిడ గొంతు నా చెవి పక్కనే అన్నట్టు వినిపించాయి.

"ఏవండీ, ఒకటి చెప్పనా? మీకు గొంతు పట్టేసిన రోజు పొద్దున కూడా అన్నాను, మీ నోరు పడిపోనూ అని. నా నోరు మంచిది కాదండీ. నా మాటే తగిలింది మీకు."

హెడ్‌ఫోన్లు తీసేద్దామనుకున్నాను. తీయలేదు.

"ఇంకోటుంది. ఇది ఇంకా పాపం. మీరు మాట్లాడకపోతుంటే ఇల్లు ప్రశాంతంగా ఉందండీ. మధ్యాహ్నం అలా నడుం వాలిస్తే నిద్ర పట్టేస్తోంది. పెళ్లయిన దగ్గర్నుంచీ నాకు మధ్యాహ్నం నిద్రంటే ఏంటో తెలీదు. హాయిగా పడుకుంటున్నాను. లేచాక ఏడుపొస్తోంది, ఆయనట్టా ఉంటే నీకు నిద్రెలా పట్టిందే అని."

అద్దంలోంచి చూస్తే అత్తయ్య చెంగుతో కళ్లు తుడుచుకుంటోంది. మామయ్య ఆవిడ చేతి మీద చెయ్యి వేశారు. ఆవిడ గ్లాసు తీసుకుని వెళ్లిపోయింది. తలుపు మూసుకున్నాక ఆయన ఒక నిట్టూర్పు విడిచారు. అలాంటిది అంతకుముందు ఆయన దగ్గర నేనెప్పుడూ వినలేదు. ఎక్కడో లోపల బయల్దేరి, దారిలో ఆగి, ఆలోచించుకుని, మళ్లీ బయల్దేరినట్టుంది.

ఆ భాగంలో నక్క పొయ్యి ముందు కూర్చుని, తను మనిషిని కాదన్న సంగతి ఒప్పుకుంటుంది. ఆ నిట్టూర్పు తీసి దేవుడికి అక్కడ పెట్టాను. అది ప్రసారమైన రోజు ఛానెల్ మేడం తనంతట తను ఫోను చేసింది. ఎప్పుడూ తప్పులు చెప్పడానికే చేసే మనిషి.

"ఆ నిట్టూర్పు ఎవరిదండీ? టీ చల్లారిపోయేదాకా అలా కూర్చుండిపోయాను."

జీతం కోసం చూస్తున్న మనిషి కాదని ఆ రోజు తేలింది.

వానలు ఉధృతంగా ఉన్న రోజుల్లో డాక్టరమ్మ మామయ్య గొంతులోకి గొట్టం దించి చూసి, సంతోషంగా వెనక్కి వాలింది.

"బ్రహ్మాండంగా మానింది. ఇక మొదలుపెట్టండి. మెల్లగా, రోజుకి కొంచెం కొంచెం. ఏదీ, ఒక మాటనండి."

నేనూ అత్తయ్యా ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. మామయ్య నోరు తెరిచారు. అత్తయ్య వంక చూశారు. మళ్లీ మూసేసి, చిరునవ్వు నవ్వి, చేతులు జోడించారు.

భయమేమో, నాలుగు రోజులు పోతే మాట అదే వస్తుందనుకున్నాం. నాలుగు రోజులు పోయాయి, వారాలూ పోయాయి. ఆయన పొయ్యి దేవుడిలాగే కూర్చునేవారు. వంటింట్లో చప్పుడైతే తల తిప్పేవారు, అంతే. ఇంట్లో ఒక్కరికీ మనసు మనసులో లేదు. ఆయన మాట్లాడితే చాలని అందరికీ ఉంది, మాట్లాడితే ఏమేం మాట్లాడేస్తారోనని కూడా అందరికీ ఉంది. పక్కింటావిడ అయితే గోడ దగ్గరికి రావడమే మానేసింది.

మా ఆయన ఒక ఎత్తు వేశాడు. భోజనాల దగ్గర తండ్రికి వినపడేలా నాతో అన్నాడు.

"రైల్వే గేటు మీదుగా వెళ్లే బస్సు మూడో ప్లాట్‌ఫారం మీదికే వస్తుంది కదూ?"

మామయ్య చేతిలో ముద్ద ఆగిపోయింది. మెడ నరం కదిలింది. మేమిద్దరం ముందుకి వంగాం. ఆయన మంచినీళ్ల గ్లాసెత్తి గడగడా తాగేసి, మళ్లీ తినడం మొదలుపెట్టారు. మర్నాడు నేను ఉప్పు వేయకుండా కూర వండాను. అది మెతుకు మిగల్చకుండా తిన్నారు. మేమే తినలేకపోయాం.

రెండోసారి వెళ్లినప్పుడు డాక్టరమ్మ నవ్వలేదు.

"చూడండి, గొంతు కూడా చెయ్యీ కాలూ లాంటిదే. వాడకుండా ఉంచితే బిగుసుకుపోతుంది. తర్వాత మీరు కావాలనుకున్నా రాకపోవచ్చు."

అత్తయ్య ఇంటికొచ్చి గిన్నెల ముందు కూలబడింది.

"నా నోటి చలవే అమ్మాయ్. గడ్డ పోయింది గానీ నా తిట్టు పోలేదు."

నాకు అసలు సంగతి తెలుసు, కానీ అది చెప్పాలంటే హెడ్‌ఫోన్లలో నేను విన్న సంగతీ చెప్పాలి. ఆయన రేపో మాపో మాట్లాడతారు, ఈ గొడవ నాకెందుకని నాన్చుతూ వచ్చాను.

ఇంతలో చివరి భాగం వచ్చింది. అవతలివాళ్లు ఒక్కో భాగమే పంపేవాళ్లు కాబట్టి ముందేముందో మాకూ తెలియదు. ముగ్గురం తెర ముందు కూర్చున్నాం. ఏడాది గడిచింది. సత్రం పిల్ల దేవుడి మూతికి తేనె పూసింది. దేవుడు పొగ పట్టుకుని స్వర్గానికి ఎక్కిపోయాడు. అసలు నమ్మకంలో అక్కడ చక్రవర్తి ఉంటాడట, తీసినవాళ్లు మాత్రం సింహాసనం మీద ఒక ముసలి మహారాణిని కూర్చోబెట్టారు. ఆవిడ ఏదో అడిగింది. మామయ్య మోకాలి మీద చెంచా టకటకలాడింది. దేవుడు తల ఎత్తాడు. పెదాలు తెరిచాడు.

చెంచా ఆగిపోయింది.

"ఓరి దేవుడా! వీడు మాట్లాడతాడా?" అన్నాడు మా ఆయన.

మాట్లాడాడు. సీరియలంతటికీ ఒకే ఒక్కసారి. మూగవాడు కదా అని మేం గొంతే చూసుకోలేదు. ఇలాంటి పొరపాటు మాలాంటివాళ్లే చేయాలి. ఛానెల్ మేడం ఖచ్చితంగా చెప్పేసింది.

"ఊపిరి ఒకరిదీ గొంతొకరిదీ అయితే ఒప్పుకోను. చూసేవాళ్లు పదిమందైనా వాళ్లకి తెలిసిపోతుంది. ఆ నిట్టూర్చిన ఆయనే చెప్పాలి."

మా ఆయన తండ్రి వైపు తిరిగాడు. మామయ్య లేచి, తల అడ్డంగా ఊపి, హాల్లోకి వెళ్లిపోయారు.

ఇక లాభం లేదని నేను వంటింట్లోకి వెళ్లాను. అత్తయ్య గిన్నె తోముతోంది.

"అత్తయ్యా, మామయ్య గొంతుకేం కాలేదు. మీ తిట్టూ తగల్లేదు. మీకు మధ్యాహ్నం నిద్ర పడుతోందని చెప్పారు కదా, అందుకని ఊరుకుంటున్నారాయన."

ఆవిడ చేతులు ఆగిపోయాయి. నాకెలా తెలుసని అడుగుతుందేమోనని బిక్కచచ్చి నిలబడ్డాను. ఆవిడ అడగలేదు. ఆ గిన్నె పక్కన పెట్టేసింది.

"ఎంత మనిషమ్మా," అంది. "ఏదైనా చెబితే సగమే వింటారు. ఏడుపొస్తోందని కూడా చెప్పానుగా. అది వినపళ్లేదా?"

"మీరే అడగండి. ఆ మహారాణి మాట ఒక్కటీ మీరు చెప్పండి అత్తయ్యా. నేను ముసలి గొంతు పెడితే మేక అరిచినట్టుంటుంది."

"నేనా! మైకు ముందా!" అంటూనే చేతులు కడుక్కుంది.

మామయ్యని మేం బతిమాలలేదు. అత్తయ్యకి మాట ఎప్పుడు అందుకోవాలో తెలియదు, చెంచా కొట్టి చూపించండి అన్నాను, అంతే. ఆయన వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నారు. వాన పూర్తిగా వెలవలేదు, రేకుల మీంచి చుక్కలు పడుతున్నాయి. అవి ఆగేదాకా ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా కూర్చున్నారు. తర్వాత తెర మీద స్వర్గం తలుపులు తెరుచుకున్నాయి. చెంచా కదిలింది. అత్తయ్య చేతిలో కాగితం పెట్టుకుని చదివింది.

"చెప్పండి, ఆ ఇంట్లో ఏం చూశారు?"

మా ఆయన, నా పక్కన కంప్యూటరు గదిలోంచి, మైకులో అన్నాడు. "అమ్మా, నువ్వు మహారాణివి. వాడు జానెడు పొయ్యి దేవుడు. చెప్పు, ఏం చూశావు అనాలి."

"మీ నాన్నని పట్టుకుని చెప్పు అనమంటావేంట్రా? నా వల్ల కాదు."

"నాన్నని కాదమ్మా, దేవుడిని!"

"ఎదురుగా కూర్చుంది మీ నాన్నే కదా."

మళ్లీ మొదలుపెట్టాం. తలుపులు తెరుచుకున్నాయి, చెంచా కదిలింది. ఈసారి అత్తయ్య కాగితం కింద పెట్టేసింది. తెర వైపు చూడలేదు, మామయ్య వైపు తిరిగింది.

"చెప్పండి," అంది. "నేను వింటున్నాను."

ఆ మాట కాగితం మీద లేదు. మా ఆయన ఆపబోయాడు, నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. తెర మీద దేవుడు తల ఎత్తాడు. మామయ్య కూడా ఎత్తారు. పెదాలు తెరిచి, ఒకసారి మింగి, ఆ మాట చెప్పారు.

"పొద్దున పొయ్యి వెలిగించారు. రాత్రికి ఆర్పారు. మధ్యలో పొగ ఎక్కువగా ఉంది తల్లీ. నాకేమీ కనపడలేదు."

బస్టాండు దద్దరిల్లించిన గొంతు కాదది. సన్నగా, చివర్లో గరుకుగా ఉంది, కడిగి ఆరేసిన పాత చొక్కాలా. దేవుడి పెదాలు ఎక్కడ మూసుకున్నాయో అక్కడే మాటా ముగిసింది. ఏడాదంతా దేవుడు చూసినవి, సత్రం పిల్ల నీళ్లు కలిపిన గంజి, నక్క ఎత్తుకుపోయిన కోళ్లు, కాగితం సైనికుల పిరికితనం, అన్నీ ఆ పొగలో కలిసిపోయాయి. అత్తయ్య చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా సంగతి చెప్పొద్దు, ఎదురుగా అద్దం మసకబారింది.

మా ఆయన రికార్డు ఆపడం మర్చిపోయాడు. అందుకని తర్వాతి మాట కూడా మా దగ్గర భద్రంగా ఉంది. మామయ్య గొంతు సవరించుకుని, అద్దం వైపు తిరిగి, కొడుకుని చూశారు.

"రైల్వే గేటు బస్సు మూడో ప్లాట్‌ఫారం మీదికి ఏనాడొచ్చిందిరా? ఐదు! ఇన్నాళ్లనుంచీ కడుపుబ్బి చస్తున్నాను."

మేం పగలబడి నవ్వాం. అత్తయ్య నవ్వుతూ ఏడ్చిందో, ఏడుస్తూ నవ్విందో ఆవిడకే తెలియాలి. బయట మళ్లీ వాన అందుకుంది, ఇక ఎంత కురిసినా మాకు బెంగలేదు.

చివరి భాగం కూడా కాకులు లేవని వేళే వచ్చింది. ఇంటిల్లిపాదీ లేచి కూర్చుని చూశాం. ఛానెల్ మేడం తర్వాత ఫోను చేసి అంతా బాగుందని, ఒక్కటే అర్థం కాలేదని అంది.

"అంత గొప్ప మహారాణి ఆ చిన్న దేవుణ్ని చెప్పండి అంటుందేంటి?"

"స్వర్గం కదండీ," అన్నాడు మా ఆయన. "అక్కడ మర్యాదలెక్కువ."

ఆ సీరియలు గురించి ఇవాళ ఎవర్నడిగినా తెలియదంటారు. పోనీ. మా ఇంట్లో మాత్రం ఆ వానాకాలం తర్వాత రెండు మార్పులు నిలిచిపోయాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక మామయ్య వీధి అరుగు మీదికి వెళ్లి, అక్కడ దొరికినవాళ్లకి ప్రకటనలు వినిపిస్తారు, అత్తయ్య నిద్ర లేచేదాకా లోపలికి రారు. రెండోది, మేం చెప్పుకున్నవేవీ ఆయన నోట ఈనాటికీ బయటికి రాలేదు. మా ఆయన ఆ రోజు తలుపేసుకుని ఏం చెప్పాడని నేను ఎన్నిసార్లు కూపీ లాగినా ఒకటే జవాబు. "పొగమ్మా, పొగ." పక్కింటావిడ కూడా ధైర్యం తెచ్చుకుని గోడ దగ్గరికి వచ్చింది.

వానలు తగ్గాక ఒక పొద్దున నేను టీ పెడుతున్నాను. హాల్లోంచి మామయ్య మొదలుపెట్టారు. పాలవాడు ఆలస్యం, ఎదురింటి కొత్త తాళంకప్ప, ఆ తాళంకప్పని బట్టి వాళ్లింట్లో ఏముండొచ్చో. గొంతు ఇంకా సన్నగానే ఉంది, దానికి తగ్గట్టు ఆయన మాటల వేగం పెంచారు. అత్తయ్య గరిట పట్టుకుని గుమ్మం దాకా వెళ్లింది.

"మీ నోరు..."

అని టక్కున ఆగిపోయింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను పొయ్యి తగ్గించేశాను. హాల్లో మామయ్య కూడా ఆగిపోయారు. ఆయన కుర్చీలోంచే మెడ సాచి ఆవిడ వంక చూశారు.

"ఆపావేంటే? కానియ్యి."

అత్తయ్య ఊపిరి పీల్చుకుంది. పాత కోపంతోనే, పాత గొంతుతోనే, వీధి చివరికి వినపడేలా అరిచింది.

"మీ నోట్లో చక్కెర పొయ్య! కాసేపు ఊరుకోండి!"

ఆయన ఊరుకోలేదు.